రాజీ కుదిరాక కేసు ముగిసేదాకా: విశాఖలో ఒక న్యాయవాది కార్యాలయం పనితీరు

ఇది డాబాగార్డెన్స్ ప్రాంతంలోని ఒక న్యాయవాది కార్యాలయం గురించి రాస్తున్న సమీక్ష. కార్యాలయం పేరు కావాలనే రాయడం లేదు. మెచ్చుకోవలసిన దానితో పాటు తప్పుపట్టవలసినదీ ఇందులో ఉంది; పైగా పేరు రాస్తే మా అమ్మాయి కేసు ఏదో గుర్తుపట్టడం ఈ ఊళ్లో పెద్ద కష్టమేమీ కాదు. కుటుంబాల మధ్య రాజీ కుదిరిన తరువాత క్రిమినల్ కేసును చట్టప్రకారం ముగించుకోవడానికి న్యాయవాది దగ్గరకు వెళ్లబోయేవారు ఆ సేవలో ఏమి ఆశించవచ్చో, ఏమి గట్టిగా అడగాలో తెలుసుకోవడానికి ఇది పనికివస్తుందని రాస్తున్నాను. పెద్దమనుషుల సమక్షంలో రాజీ కుదిరిన రోజుకూ, మేజిస్ట్రేట్ కోర్టు రిజిస్టరులో ఆ కేసు ముగిసినట్టు నమోదైన రోజుకూ మధ్య మాకు పదకొండు నెలలు పట్టింది.

మా అమ్మాయి 2022 ఆగస్టులో భర్త, అత్తమామలు, ఆడపడుచు మీద ఫిర్యాదు చేసింది. భార్యను భర్త, అతని బంధువులు హింసించడాన్ని నేరంగా చెప్పే భారతీయ శిక్షాస్మృతి 498-ఏ సెక్షన్ కింద, వరకట్న నిషేధ చట్టం 3, 4 సెక్షన్ల కింద కేసు నమోదై, మరుసటి ఏడాది ఛార్జిషీటు దాఖలైంది. దాని వెనుకే ఆమె వేసిన గృహహింస కేసు ఒకటి, మనోవర్తి కేసు ఒకటి నడుస్తున్నాయి. ఏం జరిగిందన్నది ఇక్కడ అనవసరం. 2024 సెప్టెంబరులో కాకినాడ నుంచి వారి తరఫు పెద్దలు ఇద్దరు వచ్చి, మా బావమరిది ఇంట్లో కూర్చుని, విడాకులకు, డబ్బుకు, బంగారానికి, మనవడి విషయానికి ఒక దారి చూశారు. వారి తొందరకు కారణం దాపరికం లేనిదే. అల్లుడికి విదేశంలో ఉద్యోగం వచ్చే అవకాశం ఉంది. కోర్టులో క్రిమినల్ కేసు నడుస్తూ ఉంటే పాస్‌పోర్టు నిరాకరించడానికి పాస్‌పోర్టు చట్టం 6వ సెక్షన్ అధికారులకు వీలు కల్పిస్తుంది, కోర్టు అనుమతి తెచ్చుకున్నా గడువు కుదించి ఇస్తారు. మా తొందరకు కారణం వేరు. ముప్పై ఒక్క ఏళ్ల అమ్మాయి ప్రతి వాయిదాకూ సెలవు పెట్టి, ఉదయం పదిన్నరకు సూర్యాబాగ్ కోర్టు వరండాలో నిలబడి, సాయంత్రానికి మరో తేదీ రాసుకుని రావడం మేము ఇక చూడలేకపోయాము.

ఆ రోజు తెల్ల కాగితం మీద తొమ్మిది సంతకాలు పడ్డాయి. అందులో చివరి వాక్యం "ఇరుపక్షాల వారు తమ తమ కేసులు వాపసు తీసుకొనవలెను" అని ఉంది. ముప్పై రెండేళ్లు తెలుగు పాఠం చెప్పిన నాకు ఆ వాక్యంలో వ్యాకరణ దోషం కనిపించలేదు కాని, అది అసలు సాధ్యమయ్యే పనేనా అన్న అనుమానం మాత్రం రాలేదు.

ఆ కాగితం తీసుకుని ఈ కార్యాలయానికి వెళ్లాము. మేడ మీద రెండు గదులు. ముందు గదిలో ప్లాస్టిక్ కుర్చీలు, గోడకు ఏడాది పాతదైన క్యాలెండరు, బీరువా మీద ఎర్ర నాడాలతో కట్టిన కట్టలు. న్యాయవాది యాభై ఏళ్లు దాటిన ఆవిడ. కాగితం రెండుసార్లు చదివి, పేపర్‌వెయిట్ కింద పెట్టి, మా దగ్గరున్న ఛార్జిషీటు నకలు అడిగి తీసుకుని మొదటి పేజీ మా వైపు తిప్పారు.

"మాస్టారూ, పైన ఎవరి పేరుందో చూడండి" అన్నారు.

ఫిర్యాదిదారు అన్న చోట రాష్ట్రం తరఫున పోలీసు స్టేషను పేరుంది. మా అమ్మాయి పేరు వెనుక పేజీలో, సాక్షుల జాబితాలో మొదటి వరుసలో ఉంది.

"ఈ కాగితం మీ రెండు కుటుంబాల మధ్యది. కేసు మాత్రం రాష్ట్రానికీ, ఆ నలుగురికీ మధ్య నడుస్తోంది. అమ్మాయి ఇందులో సాక్షి. సాక్షి వచ్చి కేసు వాపసు తీసుకుంటానంటే ఏ కోర్టూ వినదు" అని ఆవిడ చెప్పిన మాట మాకు మింగుడుపడలేదు, కాని ఆ తరువాతి పదకొండు నెలలు జరిగిన ప్రతి పనికీ అర్థం ఆ మాటలోనే ఉంది. గృహహింస కేసును, మనోవర్తి కేసును వేసినది అమ్మాయే కాబట్టి మెమో దాఖలు చేసి వాపసు తీసుకోవచ్చునని, పోలీసు కేసు సంగతి వేరని ఆ రోజే విడదీసి చెప్పారు.

ఆవిడ ఒక తెల్లకాగితం తీసుకుని దారులు గీసి చూపించారు. నేను ఈ కార్యాలయానికి ఇచ్చే మార్కులలో సగం ఆ అరగంటకే. 498-ఏ కేంద్ర చట్టం ప్రకారం రాజీకి వీలులేని నేరమే అయినా, 2003లో ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ వల్ల మన రాష్ట్రంలో కోర్టు అనుమతితో రాజీ పడవచ్చు. అయితే రాజీ కోరిన తేదీ నుంచి కనీసం మూడు నెలలు గడవాలి, ఆ లోపల ఎవరూ మనసు మార్చుకోకూడదు. ఆవేశంలోనో, ఒత్తిడిలోనో ఒప్పుకున్నవారికి ఆలోచించుకునే వ్యవధి ఉండాలని పెట్టిన నియమమది. అంతవరకు విని, మేజిస్ట్రేట్ కోర్టులోనే పని అయిపోతుందని మేము సంతోషించేలోపు ఆవిడ వరకట్న నిషేధ చట్టం దగ్గర కలం ఆపారు. 1961 నాటి ఆ చట్టం 8వ సెక్షనే దాని కింది నేరాలు రాజీకి వీలులేనివని చెబుతోంది, మన రాష్ట్ర సవరణ దానిని తాకదు. కాబట్టి 498-ఏ వరకు కింద కోర్టులో ముగించుకున్నా, 3, 4 సెక్షన్లు అలాగే మిగిలి ఉంటాయి. మొత్తం కేసు పోవాలంటే హైకోర్టు తన స్వతస్సిద్ధ అధికారంతో కొట్టివేయాలి. ఆ అధికారం పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 482వ సెక్షన్; 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో 528వ సెక్షన్.

రాజీకి వీలులేని నేరాన్ని రాజీ కారణంగానే హైకోర్టు ఎలా కొట్టివేస్తుందని మా అబ్బాయి అడిగాడు. మంచి ప్రశ్న. 2003లో బి.ఎస్. జోషి కేసులో సుప్రీంకోర్టు భార్యాభర్తల వివాదాలలో అలా చేయవచ్చునన్నదని, 2012లో జ్ఞాన్ సింగ్ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దానిని స్థిరపరిచిందని ఆవిడ చెప్పారు. రాజీ పడడం వేరు, హైకోర్టు కొట్టివేయడం వేరు. మొదటిది కక్షిదారులకు చట్టం ఇచ్చిన వీలు. రెండవది, ఇక ఈ కేసు నడపడం వల్ల న్యాయానికి ఒనగూడేదేమీ లేదని కోర్టు తనంత తాను తృప్తిపడి చేసే పని. అందుకే హత్య, అత్యాచారం, దోపిడీ వంటి నేరాలలో కుటుంబాలు ఎంత గట్టిగా రాజీపడినా కోర్టు సాధారణంగా కొట్టివేయదు. అవి సమాజం మీద జరిగిన నేరాలు. మేము కూర్చున్న రోజునే, పక్క కుర్చీలోని ఒక పెద్దాయన తన మనవరాలి మీద జరిగిన అఘాయిత్యం కేసులో రాజీ కాగితం తయారు చేయమని అడిగితే, ఆవిడ ఫీజు మాట కూడా ఎత్తకుండా లేచి తలుపు దాకా వెళ్లి పంపించేశారు. కొత్త కేసుల వారికి ఆవిడ చెప్పిన మరో మాటను ఇక్కడే చేర్చడం మంచిది: 498-ఏ స్థానంలో ఇప్పుడు, శిక్షాస్మృతి బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహిత 85, 86 సెక్షన్లు ఉన్నాయి, నాగరిక సురక్షా సంహిత 359వ సెక్షన్ కింద కేంద్రం ఇచ్చిన రాజీ పట్టికలో ఆ నేరం లేదు, కాబట్టి పాత కేసుల వారికి కింద కోర్టులో జరిగినట్టే తమకూ జరుగుతుందనుకోకుండా తమ కేసు తేదీ, సెక్షన్లు చూపించి అడగాలి.

ఇక మా పెద్దమనుషుల అసలు పథకం. దానిని ఇక్కడ దాచవలసిన అవసరం లేదు, ఎందుకంటే ఈ ఊళ్లో సగం రాజీలు ఆ దారినే పోతాయని కోర్టు వరండాలో నిలబడిన ఎవరైనా చెబుతారు. హైకోర్టు ఖర్చు ఎందుకు, అమ్మాయి బోనెక్కి "నాకేమీ తెలియదు, పోలీసులే రాసుకున్నారు" అంటే సాక్ష్యం లేక కేసు కొట్టేస్తారు, ఒక్క పూటలో తేలిపోతుంది అన్నది ఆ పథకం. మా బావమరిది ఆ మాట చెప్పగానే న్యాయవాది కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "అమ్మా, నువ్వు ఫిర్యాదులో రాసింది జరిగిందా, జరగలేదా?" అని మా అమ్మాయిని అడిగారు. జరిగిందని అమ్మాయి చెప్పింది. "అయితే ప్రమాణం చేసి జరగలేదని చెప్పించే పని నా కార్యాలయంలో జరగదు. ప్రమాణం చేసి అబద్ధం చెప్పడం మళ్లీ ఒక నేరం. రేపు ఒప్పందంలో ఏదైనా తేడా వచ్చి నువ్వు మళ్లీ కోర్టు మెట్లెక్కితే, నీ మాటను ఎవరూ నమ్మకుండా చేసే కాగితం నీ చేతితోనే రాసిచ్చినట్టవుతుంది" అన్నారు. మా బావమరిది లేచి బయటకు వెళ్లి టీ తాగి వచ్చాడు. ఫీజు కోసం దారి పొడిగిస్తున్నారని అతని అనుమానం. ఆ అనుమానం మాకు కూడా మొదట్లో లేకపోలేదు. కాని మా అమ్మాయి తిరుగు దారిలో ఆటోలో అన్నది ఒక్కటే: "నాన్నా, నేను అబద్ధం చెప్పానని రాయించుకోని లాయరు ఈవిడే." అంతకుముందు మేము ఇద్దరిని సంప్రదించి ఉన్నాము.

అదే పట్టుదల ఒప్పంద పత్రం రాసేటప్పుడు కూడా కనిపించింది. అవతలి వైపు న్యాయవాది పంపిన ముసాయిదాలో "ఫిర్యాదిదారు అపోహల వల్ల, ఇతరుల ప్రేరేపణ వల్ల ఫిర్యాదు చేసినందున" అన్న వాక్యం ఉంది. ఈవిడ దానిని కొట్టివేసి "ఉభయుల మధ్య వివాహ సంబంధమైన విభేదాలు ఏర్పడినందున, పెద్దల సహాయంతో అవి సామరస్యంగా పరిష్కారమైనందున" అని రాశారు. వారు "ప్రేరేపణ" తీసివేసి "అపోహ" ఉంచుతామన్నారు. ఈ ఒక్క మాట మీద మూడు వారాలు గడిచాయి. భాషతో బతికినవాడిని కనుక నాకు అందులో ఒక రకమైన తృప్తి కలిగిందని ఒప్పుకోవాలి. ఒక మాట ఉండడానికీ, లేకపోవడానికీ ఇంత తేడా ఉంటుందని పిల్లలకు చెబుతూనే వచ్చాను కాని, స్టాంపు కాగితం మీద చూడడం అదే మొదలు. చివరికి "అపోహ" పోయింది. ఫిర్యాదు నిజమనీ లేదు, అబద్ధమనీ లేదు. వివాదం పరిష్కారమైందని మాత్రమే ఉంది. హైకోర్టుకు కావలసింది కూడా అంతేనట.

మనవడి విషయంలోనూ ఒక వాక్యం తీసివేయించారు. "బిడ్డకు సంబంధించి భవిష్యత్తులో ఎట్టి క్లెయిమూ చేయబోము" అని వారు రాశారు. తల్లి తన మనోవర్తిని వదులుకోవచ్చు కాని, బిడ్డ హక్కును బిడ్డ తరఫున వదిలేసే అధికారం ఆమెకు లేదని, అలాంటి వాక్యం ఉంటే కోర్టే వేలు పెట్టి చూపుతుందని ఆవిడ అన్నారు. దాని బదులు పిల్లవాడి పేరు మీద ఒక ఫిక్స్‌డ్ డిపాజిట్, నెలలో రెండవ ఆదివారం తండ్రి చూసుకునే ఏర్పాటు రాశారు. బంగారం జాబితాకు తూకాలతో సహా విడి కాగితం జత చేయించారు. గాజులు, నల్లపూసలు, వడ్డాణం అన్నీ గ్రాములతో ఉన్నాయి. తిరిగి అప్పగించిన రోజున ఆ కాగితం మీదనే ఇరువైపుల సంతకాలు తీసుకున్నారు. ఇంత పట్టింపు ఎందుకని అప్పుడు విసుక్కున్నాను. రెండు ఉంగరాలు తక్కువ వచ్చి, వాటి విలువ డబ్బుగా కట్టించినప్పుడు ఆ విసుగు పోయింది.

ఇలాంటి రాజీలన్నీ సాధారణంగా చిక్కుకునే ముడి ఒకటుంది. కేసు కొట్టివేస్తే తప్ప డబ్బు ఇవ్వమని మగపెళ్లివారు అంటారు. డబ్బు చేతికి వస్తే తప్ప కొట్టివేతకు సంతకం పెట్టమని ఆడపెళ్లివారు అంటారు. ఇద్దరి భయమూ న్యాయమైనదే. ఆవిడ దానిని మూడు వాయిదాలుగా కట్టారు. పరస్పర అంగీకారంతో హిందూ వివాహ చట్టం 13-బి కింద ఫ్యామిలీ కోర్టులో విడాకుల పిటిషన్ వేసిన రోజున మొదటి భాగం. విడాకుల డిక్రీ వచ్చిన రోజున రెండవ భాగం. హైకోర్టులో మా అమ్మాయి హాజరై రాజీకి సమ్మతి చెప్పిన రోజున మూడవ భాగం, డిమాండ్ డ్రాఫ్టుగా. ఆ మూడవ డీడీ ముందే తీసి, నకలు హైకోర్టు పిటిషన్‌కు జతపరిచి, అసలు డీడీని ఇరువైపుల న్యాయవాదుల సంతకాలతో సీలు వేసిన కవరులో ఉంచాలి. ఏ మెట్టు దగ్గర ఎవరు వెనక్కి తగ్గినా అప్పటివరకు జరిగినది ఏమవుతుందో కూడా పత్రంలో రాశారు. 13-బి కింద మొదటి పిటిషన్‌కూ, రెండవ దశకూ మధ్య ఉండవలసిన ఆరు నెలల గడువును, 2017 నాటి అమర్‌దీప్ సింగ్ తీర్పు ఆధారంగా మినహాయించమని కోరారు. అప్పటికి ఇద్దరూ విడిగా ఉండి రెండున్నర ఏళ్లు దాటడం వల్ల, అన్ని విషయాలూ తేలిపోయి ఉండడం వల్ల ఫ్యామిలీ కోర్టు ఒప్పుకుంది. 2025 ఫిబ్రవరిలో డిక్రీ వచ్చింది. ఇంతవరకు నాకు ఒక్క ఫిర్యాదూ లేదు.

ఫిర్యాదులన్నీ హైకోర్టు దశలోనే. 2019 నుంచి మన హైకోర్టు అమరావతిలో, నేలపాడు దగ్గర ఉంది. విశాఖ న్యాయవాది తన తరఫున అక్కడ ఒక జూనియరుకు పని అప్పగిస్తారు. మనం ఫీజు ఇచ్చి, నమ్మకం పెట్టుకున్నది ఒకరి మీద, కోర్టులో నిలబడేది మరొకరు. ఇది ఈ కార్యాలయంలోనే కాదు, విశాఖ నుంచి హైకోర్టుకు వెళ్లే చాలామంది అనుభవం ఇదే, కాని ముందుగా చెప్పాలి. మాకు చెప్పలేదు. కొట్టివేత పిటిషన్‌ను అల్లుడు, అతని కుటుంబం వేయాలి; అందులో మొదటి ప్రతివాది రాష్ట్రం, రెండవ ప్రతివాది మా అమ్మాయి. దానితో పాటు రాజీకి అనుమతి కోరుతూ ఒక అనుబంధ దరఖాస్తు, రాజీని రికార్డు చేయమని మరొకటి. మార్చిలో దాఖలైన ఈ కట్టను రిజిస్ట్రీ రెండుసార్లు అభ్యంతరాలతో వెనక్కి పంపింది. ఒకసారి నకళ్లు మసకగా ఉన్నాయని, మరోసారి జతపరిచిన తెలుగు పత్రాలకు ఇంగ్లీషు అనువాదం లేదని. ఈ సంగతులు మాకు గుమస్తా ద్వారా, అదీ మేము నాలుగుసార్లు ఫోన్ చేస్తే తెలిశాయి.

ఏప్రిల్‌లో విచారణకు వచ్చింది. రాత్రి రైలెక్కి తెల్లవారుజామున విజయవాడలో దిగి, స్టేషను దగ్గర ఇడ్లీ తిని, కారు మాట్లాడుకుని, ప్రకాశం బ్యారేజీ దాటి కరకట్ట మీదుగా వెళ్లాము. మా అమ్మాయి ఒక రోజు సెలవు పెట్టింది, నా భార్య మనవడిని పక్కింట్లో వదిలి వచ్చింది. కేసు పిలిచినప్పుడు పబ్లిక్ ప్రాసిక్యూటర్ గుర్తింపు కాగితం చూసి ఒక్క మాటన్నారు: ఛార్జిషీటులోనూ, అఫిడవిట్‌లోనూ ఉన్న ఇంటిపేరు ఒకటి, ఆధార్‌లో ఉన్నది ఇంకొకటి. అది నిజమే. పెళ్లయిన ఏడాది మా అమ్మాయి ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు ఎక్కించుకుంది. ఫిర్యాదు నాటికి పుట్టింట్లో ఉండడం వల్ల స్టేషనులో మా ఇంటిపేరు రాసుకున్నారు. రెండు పేర్ల వారూ ఒక్కరేనని ఒక పేరా అఫిడవిట్‌లో ఉంటే సరిపోయేది. ఆ ఆధార్ నకలు సెప్టెంబరు నుంచి ఆ కార్యాలయం బీరువాలోనే ఉంది. "అపోహ" అన్న మాట మీద మూడు వారాలు పోరాడినవారు, ఇంటిపేరు మీద మూడు నిమిషాలు పెట్టలేకపోయారు. వాయిదా పడింది. ఆ తరువాత హైకోర్టుకు వేసవి సెలవులు వచ్చాయి.

ఆ ఆలస్యం మరో తలనొప్పి తెచ్చింది. డిమాండ్ డ్రాఫ్టు చెల్లుబాటు తీసిన తేదీ నుంచి మూడు నెలలే. మూడవ భాగం డీడీ మార్చి రెండవ వారంలో తీశారు. జూన్ మూడవ వారానికి కొత్త తేదీ వచ్చింది. పిటిషన్‌కు జతపరిచిన నకలు చూసి వేళ్ల మీద లెక్కపెట్టినది మా అమ్మాయి, కార్యాలయం కాదు. డీడీ తీసిన శాఖ కాకినాడలో. గడువు పొడిగించమని అర్జీ పెట్టవలసినది తీసినవారు. ఇరువైపుల న్యాయవాదులూ కలిసి సీలు విప్పి, అది కాకినాడ వెళ్లి, కొత్త తేదీతో తిరిగి రావడానికి ఆరు రోజులు పట్టింది. ఈలోగా "డబ్బు ఎగ్గొట్టడానికి చేశారు" అని మా బావమరిది, "రాజీ తప్పించుకోవడానికి వంక" అని వారి పెద్దలు ఒకరినొకరు అనుకున్నారు. ఆ ఆరు రోజులలో కుదిరిన రాజీ ఊడిపోవడానికి ఎంతో సమయం పట్టేది కాదు. డీడీ తేదీ నుంచి విచారణ తేదీ వరకు లెక్క చూసుకోవడం న్యాయవాది పనే అని నా అభిప్రాయం. ఆవిడ కూడా కాదనలేదు. తప్పు తమ కార్యాలయానిదేనని ఒప్పుకుని, రెండవసారి హాజరుకు జూనియరుకు ఇవ్వవలసినది తామే భరించారు. రైలు టిక్కెట్లు, కారు కిరాయి మాత్రం మావే.

జూన్‌లో విచారణ నాలుగైదు నిమిషాలకు మించలేదు. రెండు కుటుంబాలూ కోర్టు హాలు బయట ఒకే బెంచీ మీద కూర్చున్నాము. వేరే చోటు లేదు. గుమస్తా అందరి ఆధార్ నకళ్ల మీద సంతకాలు పెట్టించుకుంటూ ఉన్న ఒక్క పెన్నును ఆ చివర నుంచి ఈ చివరకు నడిపించాడు. లోపల న్యాయమూర్తి మా అమ్మాయిని, ఎవరి ఒత్తిడీ లేకుండా ఒప్పుకున్నారా, ఒప్పందం ప్రకారం రావలసినవన్నీ వచ్చాయా అని అడిగారు. డీడీ అక్కడే అందింది, ఆమె అవునన్నది. న్యాయవాదులిద్దరూ తమ తమ కక్షిదారులను గుర్తించారు. అదే రోజు నలుగురి మీదా కేసు కొట్టివేస్తూ ఉత్తర్వు వెలువడింది. ఈసారి నేలపాడుకు ఆవిడే స్వయంగా వచ్చారు.

ఉత్తర్వు వచ్చింది కదా అని చేతులు దులుపుకునేవారికి ఒక సంగతి. హైకోర్టు ఉత్తర్వు దానంతటదే నడిచి కింద కోర్టుకు వచ్చే లోపల అక్కడ వాయిదా వస్తే, హాజరు కాని నిందితుల మీద వారంటు రావచ్చు. ఈ కార్యాలయం సర్టిఫైడ్ కాపీకి వెంటనే అర్జీ పెట్టి, అది చేతికి రాగానే మేజిస్ట్రేట్ కోర్టులో మెమోతో దాఖలు చేయించి, కేసు ముగిసినట్టు నమోదయ్యే వరకు వెంటపడింది. గృహహింస, మనోవర్తి కేసులు అప్పటికే వాపసు మెమోలతో ముగిశాయి. పూచీకత్తు ఇచ్చినవారి ఇంటి పన్ను రసీదులు వెనక్కి ఇప్పించడం అవతలివారి న్యాయవాది పని అయినా, ఈవిడ గుమస్తాయే కలిసి వెళ్లి చేయించాడు. అల్లుడు పాస్‌పోర్టుకు పెట్టుకునేటప్పుడు చూపడానికి సర్టిఫైడ్ కాపీ ఒకటి అదనంగా తీసి ఉంచుకొమ్మని వారికీ చెప్పారు. తన కక్షిదారు కాని వారికి ఆ మాట చెప్పవలసిన అవసరం ఆవిడకు లేదు. 2025 ఆగస్టులో ఆ పని పూర్తయింది.

ఖర్చు విషయం. మొదటి సంప్రదింపుకు 1,000 రూపాయలు తీసుకున్నారు. ఒప్పంద పత్రానికి, ఫ్యామిలీ కోర్టు పనికి కలిపి 30,000. హైకోర్టులో మా అమ్మాయి తరఫున హాజరుకు 25,000. కింద కోర్టులో చివరి పనులకు విడిగా ఏమీ తీసుకోలేదు. కొట్టివేత పిటిషన్ ఖర్చు వారిదే కనుక అది ఇందులో లేదు. అడగకుండానే ప్రతిదానికీ రసీదు ఇచ్చారు. మేము తిరిగిన వాటిలో రసీదు ఇచ్చిన కార్యాలయం ఇదొక్కటే. ఇంత పెట్టుకోలేనివారికి, 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుందని, జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగవచ్చునని మొదటి రోజునే చెప్పినదీ ఆవిడే. ఆ మాట విన్నాక కూడా మేము ఆవిడ దగ్గరే ఉండిపోయాము.

ఎవరికి ఈ కార్యాలయం సరిపోతుందంటే, ఒప్పందం ఇంకా కాగితం మీదకు రానివారికి, లేదా వచ్చిన కాగితంలో ఏదో తేడా ఉందని అనుమానం ఉన్నవారికి. రాయడంలో, మెట్లు పేర్చడంలో, చేయకూడని పని చేయనని చెప్పడంలో ఆవిడకు ఆవిడే సాటి. ఒక్క పూటలో తేల్చేయమనేవారు వెళ్లకపోవడం మంచిది. ఆవిడ సమయం, వారి సమయం రెండూ మిగులుతాయి. కాగితాలన్నీ సిద్ధంగా ఉండి హైకోర్టులో దాఖలు చేయడం ఒక్కటే మిగిలినవారు నేరుగా అమరావతిలో ప్రాక్టీసు చేసేవారిని పెట్టుకుంటే ఒక మెట్టు తగ్గుతుంది, ఒక ఫోనూ తగ్గుతుంది. ఎవరి దగ్గరకు వెళ్లినా, పిటిషన్ దాఖలు కాకముందే ఆధార్, ఛార్జిషీటు, అఫిడవిట్ పక్కపక్కన పెట్టించి పేర్లు, వయసులు, చిరునామాలు మీ కళ్ల ముందు చదివించుకోండి. డీడీ తీసే తేదీని విచారణకు వీలైనంత దగ్గరగా పెట్టించండి.

కార్యాలయానికి ఫోన్ చేస్తే గుమస్తా ఎత్తుతాడు, "మేడమ్‌గారికి చెబుతాను" అంటాడు, చెప్పడు. సాయంత్రం ఆరున్నర తరువాత స్వయంగా వెళ్లాలి. ఆ వేళకు కింద బండ్లు పెట్టుకోవడానికి చోటు ఉండదు, మెట్ల దగ్గర దీపం లేదు. శనివారం పొద్దున్న అయితే ఆవిడ ఒక్కరే ఉంటారు. మా పని ముందుకు నడిచినది ఎక్కువగా ఆ శనివారాలలోనే.